1917 రష్యా ఎన్నికలు: లివ్లాండ్ పల్లెల్లో బోల్షెవిక్‌లకు 72 శాతం ఎలా పడింది?

పాతకాగితాలు:
1917 చివర్లో రష్యాలో రాజ్యాంగ సభకు జరిగిన ఎన్నికల లెక్కలు ముందేసుకుని కూర్చున్నాను. అందరికీ తెలిసిన కథ ఇదీ: పల్లెలు రైతుల పార్టీ అయిన సోషలిస్ట్ రివల్యూషనరీలకు (ఎస్సార్లు అందాం) ఓటేశాయి, పెద్ద పట్నాలూ రాజధానికి దగ్గర్లో ఉన్న సైన్యమూ లెనిన్ పార్టీ అయిన బోల్షెవిక్‌లకు వేశాయి. దేశం మొత్తం మీద బోల్షెవిక్‌లకు పడింది నాలుగో వంతు. లెనిన్ కూడా 1919లో దీని మీద రాస్తూ 54 నియోజకవర్గాల లెక్క తీసుకుని, 3 కోట్ల 62 లక్షల ఓట్లలో తమ వాటా 25 శాతమే అని ఒప్పుకున్నాడు.

ఇక్కడిదాకా పేచీ లేదు. కానీ జాబితాలో పైనుంచి కిందికి వేలు పెట్టి చూస్తూ పోతే ఒకచోట ఆగిపోయాను. లివ్లాండ్. బాల్టిక్ సముద్రం పక్కన, ఇప్పటి లాట్వియాలో ఉత్తర భాగం. పోలైన ఓట్లు 1,36,080. అందులో బోల్షెవిక్‌లకు 97,781. దాదాపు 72 శాతం! రాజధాని పెట్రోగ్రాడ్ నగరంలోనే వాళ్లకి 45 దాటలేదు, మాస్కో నగరంలో 48. సైన్యాల సంగతి పక్కన పెట్టి మామూలు జనం ఓటేసిన చోట్లు చూస్తే మిన్‌స్క్ 63 దగ్గర ఆగింది. లివ్లాండ్ కంటే పైన ఇంకోటి నాకు కనబడలేదు.

తమాషా ఏంటంటే అక్కడ పెద్ద పట్నమే లేదు. ఓటేసింది వల్మియెరా, త్సేసిస్, వల్కా చుట్టుపక్కల పొలాలు చేసుకునేవాళ్లు. పల్లెటూళ్లు ఎస్సార్లవి అన్న సూత్రం ఇక్కడ ఎందుకు తిరగబడింది?

బెజవాడబాబు:
ఇందులో అంత ఆలోచించడానికి ఏముంది సార్? అప్పటికే బోల్షెవిక్‌లు పెట్రోగ్రాడ్‌లో గద్దె ఎక్కారు, చుట్టూ తుపాకులు. వేస్తావా చస్తావా అంటే ఎవడైనా వేస్తాడు. ఈ 72 శాతాన్ని పట్టుకుని పరిశోధనలు చేయడం టైమ్ వేస్ట్.

పాతకాగితాలు:
బాబు గారూ, నాకూ మొదట అదే అనుమానం వచ్చింది. కానీ ఆగస్టు సంగతి చూడండి. అప్పుడు గద్దె మీద ఉన్నది వాళ్ల ప్రత్యర్థి కెరెన్‌స్కీ. బోల్షెవిక్ నాయకుల్లో కొందరు జైల్లో ఉన్నారు, లెనిన్ ఫిన్లాండ్‌లో దాక్కున్నాడు. ఆ నెలలోనే రీగా నగర సభకు ఎన్నికలు జరిగితే బోల్షెవిక్‌ల వైపున్న లాట్వియా సోషల్ డెమోక్రాట్లే అతిపెద్ద పార్టీ అయ్యారు. పల్లెల ప్రాంతీయ మండలి ఎన్నికల్లో అయితే స్పష్టమైన మెజారిటీ తెచ్చుకున్నారు. అప్పుడు తుపాకీ వాళ్ల చేతిలో లేదు కదా. అదే ఓటు మళ్లీ పడింది, కాస్త ఎక్కువగా పడింది.

రీగా_నుంచి:
హాయ్ అందరికీ. నేను మూడేళ్లుగా రీగాలో ఉంటున్నాను, అందుకే ఈ టాపిక్ చూసి ఆగలేకపోయాను.

ఒక చిన్న విషయం కలుపుతాను. లివ్లాండ్ అనగానే అందరూ రీగా అనుకుంటారు. ఈ ఎన్నికలో రీగా లేనే లేదు. కొత్త క్యాలెండర్ ప్రకారం 1917 సెప్టెంబర్ 3న జర్మన్ సైన్యం రీగాను తీసుకుంది. దక్షిణాన కుర్లాండ్ 1915లోనే పోయింది. ఉత్తరాన ఎస్టోనియన్లు ఉండే తాలూకాలను 1917 వసంతంలో ఎస్టోనియాతో కలిపేశారు. తూర్పున లాట్గలె లాట్వియన్లు వీటెబ్‌స్క్ లెక్కలోకి పోయారు. అంటే ఎన్నికల నాటికి లివ్లాండ్ నియోజకవర్గం అంటే నాలుగు పక్కలా కొరికేసిన రొట్టె ముక్క. మ్యాప్‌లో చూస్తే జాలేస్తుంది.

దానికి తోడు 1915లో జర్మన్లు దగ్గరికి వస్తున్నారని రీగా ఫ్యాక్టరీల యంత్రాలను ఊడదీసి రైళ్లకెక్కించి రష్యా లోపలికి పంపేశారు. యంత్రాల వెంట పనివాళ్లూ పోయారు. యుద్ధానికి ముందు 5 లక్షలు దాటిన ఊరు రెండేళ్లలో సగానికి సగం ఖాళీ. కాబట్టి లివ్లాండ్‌లో బోల్షెవిక్‌లకు పడ్డ ఓటు ఫ్యాక్టరీ ఓటు కాదు. ఆ ఓటు పెట్రోగ్రాడ్‌లో, మాస్కోలో పడి ఉంటుంది.

లెక్కలమాస్టారు:
శాతాలు చూసి గంతులేసే ముందు అసలు సంఖ్యలు చూడమని మా పిల్లలకు రోజూ చెబుతుంటాను. ఇప్పుడు మీకూ చెబుతాను.

కుర్‌స్క్ అని ఒక నియోజకవర్గం ఉంది, నల్లరేగడి నేలల ప్రాంతం. అక్కడ పోలైనవి 10,58,356. ఎస్సార్లకు 8,68,743, అంటే 82 శాతం. బోల్షెవిక్‌లకు 11 శాతం, అడ్రస్ లేకుండా పోయారు అనాలి. కానీ ఆ 11 శాతం ఎన్ని ఓట్లో తెలుసా? 1,19,127. లివ్లాండ్‌లో 72 శాతంతో జెండా ఎగరేసిన ఓట్ల కంటే కుర్‌స్క్‌లో చిత్తుగా ఓడిపోయి తెచ్చుకున్న ఓట్లే 21 వేలు ఎక్కువ!

పాతకాగితాలు గారు అడిగిన ప్రశ్న మంచిదే. కాకపోతే మనం మాట్లాడుకుంటున్నది లక్షా ముప్పై ఆరు వేల మంది గురించి అన్నది మర్చిపోకండి. పెట్రోగ్రాడ్ నగరం ఒక్కటే 9 లక్షల 42 వేలు.

శారద_ఏలూరు:
మాస్టారూ, మీ లెక్క బాగుంది, కానీ ప్రశ్న అలాగే ఉండిపోయింది. తక్కువ మందే కావచ్చు, వాళ్లలో పదికి ఏడుగురు ఒకే వైపు ఎందుకు వేశారు?

నాకు తోచింది చెబుతాను. ‘రైతు’ అన్న మాట దగ్గరే మనం పొరపడుతున్నాం. కుర్‌స్క్‌లో రైతు అంటే ఊరి ఉమ్మడి భూమిలో వాటా ఉన్నవాడు. ఊరంతా కూర్చుని ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసి భూమిని మళ్లీ మళ్లీ పంచుకునే ఆచారం వాళ్లది. ఎస్సార్ల కార్యక్రమం ఆ ఆచారం మీదే కట్టింది: జమీందారు భూమి కూడా లాక్కుని ఆ ఉమ్మడిలో కలిపి పంచేద్దాం అన్నారు. అక్కడి మనిషికి ఇది సూటిగా అర్థమవుతుంది.

లివ్లాండ్‌లో ఆ ఉమ్మడే లేదు. అక్కడ రైతాంగాన్ని బానిసత్వం నుంచి 1819లోనే విడుదల చేశారు, మిగతా రష్యా కంటే నలభై ఏళ్లు ముందు. కానీ చేతిలో సెంటు భూమి పెట్టకుండా విడుదల చేశారు. భూమి జర్మన్ బేరన్లదే (అంటే అక్కడి జమీందార్లదే), మనిషి మాత్రం ‘స్వేచ్ఛాజీవి’. తర్వాత 1860ల నుంచి కొంతమంది లాట్వియన్లు కౌలు పొలాలను అప్పు చేసి కొనుక్కుని సొంత కమతాల ఆసాములయ్యారు. మిగిలినవాళ్లు ఆ ఆసాముల దగ్గరా బేరన్ల దగ్గరా ఏడాది జీతానికి కుదిరే పాలేర్లు. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి పల్లెల్లో సొంత నేల లేనివాళ్లే ఎక్కువ.

అంటే మనం చూస్తున్నది రైతుల ఓటు కాదు, పాలేర్ల ఓటు.

రీగా_నుంచి:
శారద గారూ, భలే పట్టారు. ఇక్కడ ‘యుర్గి’ అని ఒక మాట ఉంది. సెయింట్ జార్జి పండుగ, పాత లెక్కలో ఏప్రిల్ 23. పాలేర్ల ఒప్పందం ఆ రోజుతో అయిపోతుంది. ఆసామి ఇంకో ఏడాది ఉంచుకోనంటే పెట్టె, మంచం, పిల్లలు, ఉంటే ఓ ఆవు, అన్నీ బండికెక్కించుకుని ఇంకో కమతానికి పోవాలి. ఆ రోజు రోడ్ల నిండా అవే బండ్లు. ఇప్పటికీ ఇక్కడివాళ్లు ఇల్లు మారుతుంటే ‘యుర్గి’ అంటారు. మా ఆఫీసులో ఒకావిడ అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తూ అదే మాట అంది. అర్థం అడిగితే వాళ్ల ముత్తవ్వ ఎన్ని యుర్గిలు చూసిందో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది.

శారద_ఏలూరు:
అచ్చం మా వైపు ఉగాది లాగే! మా తాతగారి రోజుల్లో పాలేరు జీతం ఉగాదికే మాట్లాడుకునేవారట. ఇన్ని బస్తాలు, ఓ పంచె, ఓ కండువా, చెప్పుల జత. తెగకపోతే కొత్త ఆసామిని వెతుక్కోవడమే.

శీను_నల్గొండ:
మా దిక్కు దొరల గడీలు యాదికొస్తున్నయి. బేరన్ అంటే దొర, ఆయన బంగ్లా అంటే గడీ. భాష వేరు, మతపెద్ద కూడా ఆయన మనిషే. 1905లో అక్కడ బంగ్లాలు తగలబెట్టిన్రని చదివిన, నిజమేనా?

పాతకాగితాలు:
నిజమే శీనన్నా. 1905 విప్లవంలో బాల్టిక్ పల్లెల్లో వందల సంఖ్యలో బేరన్ల బంగ్లాలు తగలబడ్డాయి. దానికి బదులు తీర్చుకోవడానికి జార్ ప్రభుత్వం దండయాత్ర లాగా సైన్యాన్ని పంపింది. విచారణ గట్రా లేకుండా కాల్చివేతలు, ఇళ్ల దహనాలు, సైబీరియా. 1917లో ఓటేసిన నలభై ఏళ్ల మనిషికి 1905లో ఇరవై ఎనిమిదేళ్లు. ఊళ్లో ఎవరిని ఏ చెట్టు దగ్గర నిలబెట్టి కాల్చారో కళ్లారా చూసినవాడు.

గడీతో పోలిక బాగుంది గానీ ఒక తేడా ఉంది. గడీ దొర మాట్లాడేది కూడా తెలుగే. ఇక్కడ భూమి ఉన్నవాడు జర్మన్, ఆఫీసులో కూర్చున్నవాడు రష్యన్, పొలంలో ఉన్నవాడు లాట్వియన్. యుద్ధం వచ్చాక శత్రువు కూడా జర్మనే అయ్యాడు. బేరన్ మీద కోపం, జర్మన్ సైన్యం మీద భయం, రెండూ ఒకే మనిషి మీదికి తిరిగాయి.

ఇంకోటి, అక్కడి సోషల్ డెమోక్రాట్లు పెట్రోగ్రాడ్ నుంచి దిగుమతి అయిన సరుకు కాదు. వాళ్ల పార్టీ 1904లో రీగాలో పుట్టింది. 1905లో జనంతో పాటు దెబ్బలు తింది, తర్వాత చాటుమాటుగా బతికింది. స్టూచ్కా, రోజిన్ష్ లాంటి వాళ్ల నాయకత్వంలో బోల్షెవిక్‌ల వైపు మొగ్గింది. పాలేరుకి అది పుష్కర కాలంగా తెలిసిన పార్టీ. ఎస్సార్లకు ఆ పల్లెల్లో అంతటి వేళ్లు లేవు.

బెజవాడబాబు:
సరే, ఆగస్టు పాయింట్‌కి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటాను. కానీ సైన్యం సంగతి వదిలేస్తారా? ఆ రొట్టె ముక్క అంతా యుద్ధరంగమే కదా. ప్రతి ఊళ్లో సిపాయిలే. వాళ్ల ఓట్లు కూడా కలిపేసి 72 అంటున్నారేమో?

లెక్కలమాస్టారు:
కలపలేదు బాబూ. సైన్యానికి విడిగా నియోజకవర్గాలు పెట్టారు. అక్కడున్న 12వ సైన్యం ఓట్లు ఉత్తర యుద్ధరంగం ఖాతాలోకి పోయాయి. ఆ ఖాతాలో సుమారు 7 లక్షల 80 వేల ఓట్లలో బోల్షెవిక్‌లకు 4 లక్షల 80 వేలు. అంటే 60 పైచిలుకు శాతం. లివ్లాండ్ పల్లెలు సిపాయిల కంటే ఎర్రగా ఉన్నాయన్నమాట.

పాతకాగితాలు:
మాస్టారు చెప్పింది కరెక్టే, కానీ బాబు గారి అనుమానాన్ని పూర్తిగా కొట్టేయను. సిపాయి ఓటు వేరే పెట్టెలో పడుతుంది, సిపాయి నోరు మాత్రం ఊళ్లోనే ఉంటుంది. పైగా అక్కడున్న సిపాయిల్లో లాట్వియన్ రైఫిల్ దళాలు కూడా ఉన్నాయి, అంటే ఆ ఊళ్ల పిల్లలే. 1915లో కట్టిన దళాలు అవి. 1917 జనవరి మంచులో, రీగా పక్క చిత్తడి నేలల్లో, జర్మన్ ముళ్లకంచెల మీదికి పంపితే వేలమంది తెగిపోయారు. ‘క్రిస్మస్ యుద్ధాలు’ అంటారు వాటిని. గెలిచిన నేలను పట్టుకోవడానికి వెనక నుంచి సాయం రాలేదు. తిరిగొచ్చిన కుర్రాళ్లు సేనాపతుల పేరు చెబితే ఉమ్మేసేవాళ్లు. ఏడాది చివర్లో ఓట్లొచ్చేసరికి ఆ దళాల్లో నూటికి తొంభైకి పైగా బోల్షెవిక్‌లకే పడ్డాయి.

ఇంటికి వచ్చిన కొడుకు ఏ పార్టీ అంటే అమ్మా నాన్నా అటే వేస్తారు కదా. దాన్ని బెదిరింపు అనలేం. అలాగని గాలి అస్సలు లేదనీ అనలేం.

విజయ_రిటైర్డ్_టీచర్:
ఇరవై ఏళ్లు ఎలక్షన్ డ్యూటీ చేసిన మనిషిని, నాకు ఓటు ఎలా వేశారన్నదే ఆసక్తి. ఈవీఎం సరే, మన పాత ముద్ర బ్యాలెట్ పద్ధతి అయినా ఉందా? నూటికి ఎంతమందికి చదువు వచ్చు?

పాతకాగితాలు:
మేడమ్, మన పద్ధతికి పూర్తిగా తేడా. ముద్ర వేసే పని లేదు. ప్రతి పార్టీ లిస్టుకి ఒక నంబరు. ఆ లిస్టు కాగితాలు అన్నీ ఓటరుకి ముందే అందుతాయి. పోలింగ్ రోజు తనకు కావలసిన లిస్టు ఒక్కటి తీసి కవరులో పెట్టి పెట్టెలో వేయాలి. మిగతా కాగితాలు జేబులోనే ఉండిపోతాయి. ఇరవై నిండిన ఆడా మగా అందరికీ ఓటు, సైన్యంలో అయితే పద్దెనిమిది. ఆస్తి, చదువు అడ్డం లేవు. 1917లో ఇంత పెద్ద దేశంలో ఆడవాళ్లందరికీ ఓటు అంటే మాటలు కాదు.

చదువు సంగతి అడిగారు కదా. 1897 జనాభా లెక్కల్లో రష్యా మొత్తం మీద అక్షరాస్యులు 21 శాతం. బాల్టిక్ జిల్లాలు మాత్రం సామ్రాజ్యంలో అందరికంటే పైన ఉండేవి. లూథరన్ చర్చిలో పేరు ఎక్కాలంటే చదవడం రావాలి కాబట్టి పాలేరు ఇంట్లో కూడా పుస్తకం ఉండేది. ‘చదువులేని జనాన్ని మాయ చేశారు’ అన్న వాదన ఇంకెక్కడైనా నిలుస్తుందేమో గానీ లివ్లాండ్‌లో నిలవదు. పత్రిక చదివే పాలేర్లు వాళ్లు.

విజయ_రిటైర్డ్_టీచర్:
మిగతా కాగితాలు జేబులోనా! ఇక ఊరి పెద్దమనిషి బయట నిలబడి ‘ఏదీ, నీ జేబులో మిగిలినవి చూపించు’ అంటే? ఏది వేశాడో ఇట్టే తెలిసిపోతుంది కదండీ. మా రోజుల్లో అలాంటి పద్ధతి ఉంటే మాకు నిద్ర పట్టేది కాదు. ఆ పోలింగ్ ఆఫీసర్ల టెన్షన్ తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తోంది.

లెక్కలమాస్టారు:
సీట్ల లెక్క ఎవరూ ఎత్తలేదు, నేనే ఎత్తుతాను. ఓట్లను సీట్లుగా మార్చడానికి వాడింది డోంట్ పద్ధతి. (‘చెయ్యొద్దు’ అని కాదు, ఒక బెల్జియం లాయరు పేరు.) ప్రతి పార్టీ ఓట్లను 1తో, 2తో, 3తో, 4తో భాగిస్తూ పోయి, వచ్చిన సంఖ్యల్లో పెద్దవి ఏరుకోవడమే.

లివ్లాండ్‌కి 4 సీట్లు. రైతు సంఘం, అంటే శారద గారు చెప్పిన ఆసాముల పార్టీ, తెచ్చుకున్నది 31,253. మిగతా ఓట్లు 7,046. అవి సీటు దరిదాపుల్లోకి కూడా రావు, వదిలేద్దాం.

బోల్షెవిక్‌లు: 97,781, సగం చేస్తే 48,890, మూడో వంతు 32,593, నాలుగో వంతు 24,445.
రైతు సంఘం: 31,253.

మొదటి సీటు, రెండోది, మూడోది బోల్షెవిక్‌లకే. మూడోది చూశారా, 32,593 కి 31,253. వెంట్రుకవాసి. నాలుగోది రైతు సంఘానికి. మొత్తం 3–1.

ఇప్పుడు ఊరికే ఒక ఆట. లివ్లాండ్‌కి మూడు సీట్లే ఇచ్చి ఉంటే? నూటికి 23 మంది ఓటేసిన రైతు సంఘానికి గుండు సున్నా. బోల్షెవిక్‌లకు ఇంకో 4,022 ఓట్లకు మించి తగ్గి ఉంటేనే వాళ్లకు ఆ ఒక్క సీటు దక్కేది.

రీగా_నుంచి:
మాస్టారూ, మీరు ఆటగా వేసిన లెక్క ఇక్కడ చరిత్ర పాఠం!

ఆ నాలుగో సీటులో గెలిచినాయన యానిస్ గోల్డ్‌మానిస్. అంతకుముందు రష్యా డ్యూమాలో, అంటే జార్ కాలపు పార్లమెంటులో, సభ్యుడు. 1918 జనవరి 5న (పాత లెక్క) పెట్రోగ్రాడ్ టౌరిడా భవనంలో రాజ్యాంగ సభ కూర్చుంది కదా, ఒకే ఒక్క రోజు. ఆ సభలో లేచి, లాట్వియా తన దారి తాను చూసుకుంటుంది, తన భవిష్యత్తు నిర్ణయించుకునే హక్కు తనదే అని లాట్వియా తాత్కాలిక జాతీయ మండలి తరఫున చదివి వినిపించింది ఈయనే. నాలుగో సీటు లేకపోతే ఆయనకు ఆ సభలో చోటే లేదు.

ఇంకో వింత కూడా ఉంది. 1915లో ‘లాట్వియన్ యువకులారా, రైఫిల్ దళాల్లో చేరండి’ అని పిలుపునిచ్చిన ఇద్దరిలో ఒకడు ఈ గోల్డ్‌మానిసే. ఆయన పిలిస్తే వచ్చిన కుర్రాళ్లే రెండేళ్లకు ఆయన ప్రత్యర్థులకు గంపగుత్తగా ఓటేశారు. 1918లో అదే దళాలు లెనిన్‌కి కాపలా కాశాయి. వాళ్ల కల్నల్ వాచియెటిస్ బోల్షెవిక్‌ల ఎర్రసైన్యానికి మొదటి సర్వసేనాని అయ్యాడు.

శీను_నల్గొండ:
గాయన పెంచిన కోడె గాయన్నే కుమ్మింది అన్నట్టు. మరి ఆ సభ సంగతి ఏమైంది, ఒక్క రోజుకే ఎట్ల ముగిసింది?

పాతకాగితాలు:
సాయంత్రం నాలుగింటికి మొదలైంది. ఎస్సార్ల నాయకుడు చెర్నోవ్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. బోల్షెవిక్‌లు తమ తీర్మానం వీగిపోయిందని లేచి వెళ్లిపోయారు. తెల్లవారుజామున నాలుగు దాటాక జెలెజ్న్యాకోవ్ అనే నావికుడు వేదిక దగ్గరికి వచ్చి ‘కాపలావాళ్లు అలసిపోయారు, ఇక లేవండి’ అన్నాడు. లేచారు. మర్నాడు వచ్చేసరికి తలుపులకు తాళం. నాలుగు కోట్లకు పైగా జనం ఓటేసిన సభ అంతటితో సరి.

దీని మీద ఇప్పటికే వంద చర్చలు నడిచాయి కాబట్టి ఇక్కడ పొడిగించను.

బెజవాడబాబు:
పొడిగించకపోతే ఎలా సార్? అసలు పాయింట్ అదే. 72 శాతం నిజమైన ఓటే అనుకుందాం. మరి అంత ప్రేమగా ఓటేసిన జనానికి చివరికి ఏం దక్కింది? ఓటు ఎవరికి వేశారో ఆ పార్టీయే ఓటు పెట్టెను పగలగొట్టింది.

శారద_ఏలూరు:
బాబు గారూ, ఈసారి మీతో ఏకీభవిస్తాను, అయితే కాస్త వేరే దారిలో. పాలేరుకి కావలసింది భూమి. ఆ పార్టీ మనసులో ఉన్నది వేరు.

1918 ఫిబ్రవరిలో జర్మన్లు మిగిలిన లివ్లాండ్ కూడా తీసేసుకున్నారు, దాంతో మొదటి విడత సోవియట్ పాలన కొన్ని నెలలకే పోయింది. 1918 డిసెంబర్‌లో స్టూచ్కా ప్రభుత్వం ఏర్పడింది, 1919 జనవరి 3న ఎర్రసైన్యం రీగాలోకి వచ్చింది. బేరన్ల భూములు లాక్కున్నారు. పాలేరు ‘ఇక నాకు ఇస్తారు’ అని చూస్తుంటే, పంచలేదు! పెద్ద కమతాలను ముక్కలు చేయడం తప్పన్న సిద్ధాంతంతో ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాలుగా ఉంచారు. నిన్న బేరన్ దగ్గర జీతం, ఇవాళ ప్రభుత్వం దగ్గర జీతం. నేల మాత్రం తనది కాదు. మే 22కి రీగా వాళ్ల చెయ్యి జారిపోయింది.

నా లెక్కలో 1917 ఓటును పోగొట్టుకున్నది తుపాకీ వల్ల కంటే ఈ ఒక్క నిర్ణయం వల్లే ఎక్కువ. లెనిన్ రష్యా పల్లెల్లో ఎస్సార్ల కార్యక్రమం అరువు తెచ్చుకుని భూమి పంచడానికి ఒప్పుకున్నాడు. లాట్వియా కామ్రేడ్లు ఆయనకంటే పట్టుదల గల మనుషులు.

రీగా_నుంచి:
దానికి కొనసాగింపు: 1920 ఏప్రిల్‌లో స్వతంత్ర లాట్వియా తన సొంత రాజ్యాంగ సభకు ఎన్నికలు పెట్టుకుంది. 150 సీట్లు. కమ్యూనిస్టులు బరిలో లేరు. సోషల్ డెమోక్రాట్లలో మితవాదుల పార్టీకి 57, రైతు సంఘానికి 26. అంటే జనం వామపక్షం వైపే ఉన్నారు, పార్టీ మాత్రం మార్చారు. ఆ సభే భూసంస్కరణ చట్టం చేసి, బేరన్‌కి 50 హెక్టార్లు వదిలి మిగతాది తీసుకుని పంచింది. 1917లో అడిగింది 1920లో వేరే చేతి నుంచి అందింది.

చిన్న ముచ్చట: ఆ 57 మందిలో లాట్వియా మహాకవి రైనిస్ ఒకడు. స్టూచ్కా ఆయన చిన్ననాటి స్నేహితుడు, చెల్లెలి భర్త. బావ అటు, బావమరిది ఇటు. పండక్కి ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఏం మాట్లాడుకునేవారో!

శీను_నల్గొండ:
రీగా అన్నా, వల్కా అని పైన రాసిన్రు కదా. ఆ ఊరు ఇప్పుడు ఎట్లుంది?

రీగా_నుంచి:
పోయిన వేసవిలో వెళ్లాను తమ్ముడూ. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడ ఉంటాం. దారిలో త్సేసిస్, వల్మియెరా తగులుతాయి. మిగిలిన బేరన్ల బంగ్లాల్లో కొన్ని ఇప్పుడు హోటళ్లు, పెళ్లిళ్లకు అద్దెకిస్తారు.

వల్కాలో తమాషా ఏంటంటే ఊరు రెండు దేశాల్లో ఉంది. 1920లో లాట్వియా, ఎస్టోనియా తగువు పడితే టాలెంట్స్ అనే బ్రిటిష్ అధికారి ఊరి మధ్యలోంచి గీత గీసిపెట్టాడు. ఎస్టోనియా వైపు దాన్ని వల్గా అంటారు. 2007 చివర్లో షెంజెన్‌లో (సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన ఐరోపా దేశాల ఒప్పందం) చేరేదాకా సరిహద్దు గేట్లు ఉండేవి. ఇప్పుడు ఒక ఊయల కట్టారు సరిహద్దు మీద. కూర్చుని ఊగితే ఓసారి లాట్వియా, ఓసారి ఎస్టోనియా. నేనూ ఊగాను, ఫోటో కూడా దిగాను, ఇక్కడ పెట్టను, నవ్వుతారు.

ఈ చర్చకి పనికొచ్చే విషయం ఒకటుంది. ఎన్నికలు జరిగిన ఆ వారాల్లోనే, అదే వల్కాలో, ఓడిన పక్షాలు సమావేశమై ఆ తాత్కాలిక జాతీయ మండలిని ఏర్పాటు చేశాయి. కొత్త క్యాలెండర్‌లో నవంబర్ 29న మొదలైంది. 72 శాతం వచ్చిన వాళ్ల సోవియట్ (వాళ్ల పాలక మండలి) అదే ప్రాంతాన్ని పాలిస్తోంది, 23 శాతం వచ్చిన వాళ్లు ఆ నీడలోనే కూర్చుని కొత్త దేశం గురించి మాట్లాడుకుంటున్నారు. చిన్న ఊరు, రైల్వే జంక్షన్. స్టేషన్‌లో టీ తాగుతూ ఒకళ్లనొకళ్లు చూసుకునే ఉంటారు.

విజయ_రిటైర్డ్_టీచర్:
నవంబర్ 29 కొత్త క్యాలెండర్, జనవరి 5 పాత క్యాలెండర్... ఒకే చర్చలో రెండూ కలిపేస్తుంటే తల తిరుగుతోంది. ఎవరైనా ఒకటి ఎంచుకోండి బాబూ.

లెక్కలమాస్టారు:
మేడమ్, పాత తేదీకి 13 కలపండి చాలు. దేశవ్యాప్తంగా పోలింగ్ మొదలైంది పాత లెక్కలో నవంబర్ 12, కొత్తలో 25. సభ జరిగింది జనవరి 5, అంటే 18. 1918 ఫిబ్రవరిలో వాళ్లే విసుగొచ్చి కొత్త క్యాలెండర్‌కి మారిపోయారు. జనవరి 31 తర్వాతి రోజు ఫిబ్రవరి 14. ఆ పదమూడు రోజుల జీతం ఎవరికి పోయిందో నాకూ తెలుసుకోవాలని ఉంది.

బెజవాడబాబు:
మాస్టారి జోకులకు లైకు. పాతకాగితాలు గారూ, మొదట టైమ్ వేస్ట్ అన్నాను, వెనక్కి తీసుకుంటున్నాను. తుపాకీ మాట మాత్రం సగమే వెనక్కి తీసుకుంటాను. ఇప్పుడు కుర్‌స్క్ మీద ఒకటి మొదలుపెట్టండి. 82 శాతం వచ్చిన ఎస్సార్లు ఆ ఓట్లను ఏం చేసుకున్నారో చూడాలని ఉంది.

పాతకాగితాలు:
ఆదివారం పెడతాను బాబు గారూ. కుర్‌స్క్‌లో బేరన్లు లేరు, పాలేర్లు తక్కువ, చెప్పుకోదగ్గ పట్నమూ లేదు. ఆ లెక్కలు విప్పడానికి మాస్టారిని ఖాళీగా ఉండమనండి.